బోర్డు మీది కంపెనీ

మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నవి ఇవి: ఇరుకు వీధిలో ముందు గదీ వెనక గదీ ఉన్న ఒక అద్దె దుకాణం, పెరట్లో ఎవరో ఇటుకలతో కట్టి వదిలేసి పోయిన రొట్టెల బట్టీ, మా అక్క, అక్క మొగుడు, ఒక జాడీలో పులిసిన పిండి. బట్టీ ఇంటివాడిది. జాడీ బావది. అక్క కూడా బావదే. లెక్క తేల్చి చూస్తే నాదంటూ ఉన్నది నోరు ఒక్కటే. ఆ నోటితోనే ఇన్నేళ్ళూ రొట్టెలు అమ్మాను.

పని మూడు ముక్కలుగా పంచుకున్నాం. బావ జాడీలోంచి గరిటెడు పిండి తీసి కొత్త పిండిలో కలిపి పిసికేవాడు. జాడీలోదాన్ని మేం తోడు అనేవాళ్ళం. తీసినంత పిండీ నీళ్ళూ మళ్ళీ జాడీలో పోస్తే అది ఎప్పటికీ తరగదు. తొట్టి మీద తడిగుడ్డ కప్పి బావ బట్టీలో మంట చూసుకోవడానికి పెరట్లోకి పోయేవాడు. అప్పుడు వెనక గది అక్కది. తొట్టి దగ్గర ఆమె పని ఆమె చేసుకుని, "అయింది" అని కేకేసేది. బావ వచ్చి రెండోసారి పిసికేవాడు. ముందు గది నాది. నేను తొట్టి వైపు పోతే అక్క చెయ్యి మీద కొట్టేది. "నీ చేతులకి చిల్లర వాసన. పో అవతలికి."

రూలు కూడా అక్క పెట్టిందే. మొదటి వాయిలోంచి ఒక రొట్టె బల్ల మీదికి రావాలి. కత్తి పెట్టకూడదు, బావ చేత్తో విరవాలి. తలా ఒక ముక్క. బావ నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళం. ఆ తర్వాతే షట్టరు ఎత్తడం. "మనం తినని సరుకు ఊరికి ఎలా అమ్ముతాంరా?" అనేది. వ్యాపారంలో నేను చాలా మాటలు విన్నాను. ఇంతకంటే గట్టి మాట వినలేదు.

బోర్డు రాయించినప్పుడు కింద "అండ్ కంపెనీ" అని కలిపింది నేనే. కంపెనీ అంటే నా లెక్కలో పెద్ద గేటు, గేటు దగ్గర సలాం కొట్టే మనిషి. ఆ మాట ఉంటే పిండిమిల్లువాడు కాస్త మర్యాదగా మాట్లాడతాడని ఆశ. అక్క నిచ్చెన కింద నిలబడి పడీపడీ నవ్వింది.

"ఉన్నది ముగ్గురం. ఇందులో కంపెనీ ఎవర్రా?"

"నువ్వే. మేమిద్దరం యజమానులం," అన్నాను. చేతిలో ఉన్న తడిగుడ్డ నా మొహాన విసిరింది.

అక్క పోయింది. జ్వరం అన్నారు, తర్వాత జ్వరం కాదన్నారు, ఏదన్నా మందు ఒకటే రాశారు. ఆస్పత్రి నుంచి మేం ఇద్దరం వెనక్కి వచ్చాం. షట్టరు ఎన్ని రోజులు దించి ఉంచామో గుర్తులేదు. ఎత్తిన రోజు మాత్రం గుర్తుంది. బావ మొదటి వాయి తీశాడు, రొట్టె బల్ల మీద పెట్టాడు, విరిచాడు. నా ముందొక ముక్క పెట్టాడు. సైకిలు మీద రొట్టెలు వేసొచ్చే మా బెల్లు ముందొక ముక్క పెట్టాడు. ఈ బెల్లుకి నాకంటే వయసెక్కువ, గంట కొట్టకుండా వీధి మలుపు తిరగడు కాబట్టి ఆ పేరు. బావ తన ముక్క బల్ల మీదే వదిలేసి, చేతులు దులుపుకుని, పిండి బస్తాల మీద వెళ్ళి కూర్చున్నాడు.

బావ తినలేదు. ఆయన తినకుండా మేం తినే రూలు లేదు. బెల్లు నా వైపు చూశాడు, నేను షట్టరు వైపు చూశాను. ముక్కలు అలాగే ఉండిపోయాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. విరవడం మాత్రం మానలేదు.

ఇంట్లో మా ఆవిడ బావకి కూడా వండి పంపేది. గిన్నె సగానికి పైగా వెనక్కి వచ్చేది. చొక్కా లోపల మనిషి తగ్గిపోతున్నాడు.

ఇక్కడి నుంచి నష్టాలు మొదలు. పిండి బావ మాట వినడం మానేసింది. తడిగుడ్డ తీసేసరికి తొట్టి అంచు దాటి పొంగేది, చెయ్యి పెడితే జారిపోయేది, వేళ్ళకి అంటుకుని వదిలేది కాదు. బట్టీలోకి పోయాక గుండ్రంగా లేవాల్సింది పక్కలకి పారి కూర్చునేది. పైపొర ఎర్రబడాల్సింది పాలిపోయి వచ్చేది. బావ ఒక్కో రొట్టెనీ వెనక్కి తిప్పి, వేలితో కొట్టి, చప్పుడు విని పక్కన పెట్టేవాడు.

నేను వ్యాపారిని. సరుకు చెడితే కారణం కొనుక్కోవచ్చనుకునేవాణ్ణి. మిల్లు మార్చాను. నీళ్ళు వేరే చోటి నుంచి తెప్పించాను. బట్టీకి తాపీమేస్త్రిని పిలిపించి లోపలి ఇటుకలు కొన్ని మార్పించాను. ఏం చేసినా పిండి అలాగే పారింది. ఆస్పత్రి క్యాంటీన్ వంటాయన, మా దగ్గర గంపలకి గంపలు తీసుకునే మనిషి, ఒకరోజు బెల్లుని నిండు గంపతోనే తిప్పి పంపాడు. నేనే పరుగెత్తుకెళ్ళాను.

"ఏమైందండీ? తూకంలో తేడా వచ్చిందా?"

"తూకం కాదు బాబూ," అని ఆయన నా మొహం చూడకుండా గరిటె కడిగాడు. "మీ రొట్టెలో ఇదివరకటి జీవం లేదు. ఇంకేమీ అడక్కు."

అడగలేదు. మిగతా బేరాలు కూడా పల్చబడ్డాయి. వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. కౌంటరు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, రొట్టె తీసుకుని "మేస్త్రిగారు ఎలా ఉన్నారు?" అని బావ గురించి అడిగి పోయేవాళ్ళు. రొట్టె బాగాలేదని ఒక్కరూ అనలేదు. నాకు అదే అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం బావ ముందు గదిలోకి వచ్చాడు. అది ఆయన గది కాదు. నేను చిల్లర పెట్టె మూసేశాను.

"బోర్డు మీద కంపెనీ అన్నది చెరిపెయ్."

"ఎందుకు బావా?"

"నేను పోతున్నా. శనివారం వాయి తీసి వెళ్ళిపోతా. ఒక్కడివే ఉంటావు, ఒక్కడికి కంపెనీ ఏంటి?"

"ఎక్కడికి?"

"ఎక్కడికో ఒకచోటికి. నా చెయ్యి పోయిందిరా. మీ అక్క పోయినప్పుడే దాంతో పాటు పోయింది. తోడు కూడా చచ్చిపోతోంది. చూడ్డంలా?"

నాకు తెలిసిన భాష ఒక్కటే, బేరం. ఆ భాషలోనే మాట్లాడాను. సహాయానికి మనిషిని పెడదామన్నాను. నా వాటా కూడా నువ్వే తీసుకో అన్నాను. బోర్డు మీద నీ పేరొక్కటే రాయిద్దామన్నాను. కొన్నాళ్ళు మూసేద్దాం, ఇద్దరం ఎటైనా తిరిగొద్దామన్నాను. బావ అన్నీ విన్నాడు. ఏ ధరకీ దిగని మనిషితో బేరమాడటం కష్టం, కానీ ఆడొచ్చు. ఏమీ అక్కర్లేని మనిషితో ఏం ఆడతాం? చేతులెత్తేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"అటు మనిషి కూలిపోతుంటే వాటా గురించి మాట్లాడొచ్చారా?"

"మరేం మాట్లాడాలి?"

"నాకేం తెలుసు. మీరేగా రాయిని కూడా అమ్మగలనంటారు. ఒక్క మనిషిని ఆపలేరా?" అని లోపలికి పోయి, ఒక జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. "పొద్దున అన్నయ్య వచ్చి ఇచ్చి వెళ్ళారు. శనివారం దాకా సరిపడా తోడు తీసుకున్నా, ఇక దీన్ని చూసుకో చెల్లెమ్మా, రోజూ ఇంత పిండి పొయ్యి అన్నారు. నేను ఎందుకని అడిగేలోపే మెట్లు దిగిపోయారు."

ఆ జాడీని బావ ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. వానలో దుకాణంలోకి నీళ్ళొచ్చిన రోజు పెట్టెలన్నీ వదిలేసి దాన్నొక్కదాన్నే నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మనిషి. నేను అప్పటికప్పుడు దుకాణానికి వెళ్ళాను. బావ పెరట్లో బట్టీ దగ్గరున్నాడు. వెనక గదిలో ఆయన పడుకునే చోట చూశాను. చొక్కాలు మేకుకి వేలాడుతున్నాయి. చెప్పులు గోడ వారగా ఉన్నాయి. అటక మీద సంచి దుమ్ముపట్టి అలాగే ఉంది. ఇంకో ఊరు పోయేవాడు తోడు వెంట తీసుకుపోతాడు. ఏమీ సర్దుకోని మనిషి, ఉన్న ఒక్క విలువైన దాన్నీ ఇచ్చేసిన మనిషి, ఎక్కడికి పోతానంటున్నాడో నాకు లెక్క తేలిపోయింది. అక్కడే బస్తా మీద కూలబడ్డాను. ఎవరితో చెప్పను? ఏమని చెప్పను? బావని తాడుతో కట్టెయ్యాలా? నా బుర్రకి ఒక్క దారీ తోచలేదు.

శుక్రవారం బోర్డు కింద నిచ్చెన వేశాను. చెరపమన్న పని చేస్తే కనీసం ఇంకో మాట మాట్లాడతాడేమోనన్న ఆశ. రేకుముక్కతో గీకుతుంటే కింద నుంచి ఎవరో నిచ్చెన కదిపారు.

"ఏం చెరుపుతున్నావయ్యా?"

డిక్షనరీ మాస్టారు. పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. మా దగ్గర రొట్టె కొని, కొసముక్కలు ఊరికే అడిగి, బదులుగా ఒక మాట పుట్టుక చెప్పి పోయేవాడు. కొసముక్కకి మాట, ఇది మా ఒప్పందం. అక్కకి ఆయన మాటలంటే సరదా. నాకు కొసముక్కలు మిగలడం లేదని బాధ.

"కంపెనీని," అన్నాను.

"అది చెరిపితే ఇక రొట్టెల కొట్టని ఎలా తెలుస్తుంది?"

"పైన రొట్టెలని రాసే ఉందిగా మాస్టారూ. కళ్ళద్దాలు తుడుచుకోండి."

"కింద రాసింది కూడా రొట్టె గురించే. దిగు, చెప్తాను. నిచ్చెన మీద ఉన్నవాడికి పాఠం చెబితే మెడ పట్టేస్తుంది."

దిగాను. దిగకపోతే ఏం చేస్తాను, గీకడానికి నాకు మాత్రం చేతులొస్తున్నాయా?

"నువ్వు కంపెనీ అంటే ఏమనుకుంటున్నావు?"

"వ్యాపారం. పెద్దది."

"సిపాయిల దండులో ఒక ముక్కని కూడా కంపెనీ అంటారు. వాళ్ళేం అమ్ముతారు? నాటకాలవాళ్ళది కంపెనీ. మీ బెల్లు టీ తాగడానికి పోతూ రోజూ ఏమంటాడు నీతో?"

"బాబూ, కాస్త కంపెనీ ఇవ్వు అంటాడు."

"అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవే. లాటిన్ అని పాత భాష. అందులో కమ్ అంటే కలిసి. పానిస్ అంటే రొట్టె. ఎవరితో కలిసి రొట్టె తింటామో వాడు కంపానియో. అలాంటివాళ్ళ గుంపు కంపెనీ. ఫ్రెంచివాళ్ళు వాడుకున్నారు, వాళ్ళ నుంచి ఇంగ్లీషువాళ్ళకి వచ్చింది. వ్యాపారం అన్న అర్థం తర్వాత వచ్చి చేరిందయ్యా. ముందున్నది బల్లా, రొట్టే, చుట్టూ మనుషులూ."

మాస్టారు నిచ్చెనని గోడకి సరిగ్గా ఆనించి, "ఇవాళ కూడా కొసముక్క అడగనులే," అని వెళ్ళిపోయాడు. ఆ మాట గుర్తుంచుకోండి, నేను అప్పుడు పట్టించుకోలేదు.

మాట పుట్టుక తెలిసినంత మాత్రాన చచ్చేవాడు ఆగుతాడని నేను నమ్మేంత అమాయకుణ్ణి కాదు. కానీ నా దగ్గర ఇంకేం మిగల్లేదు. మునిగేవాడు చేతికి దొరికింది పట్టుకుంటాడు, నాకు దొరికింది అదే.

శనివారం పొద్దున మా ఆవిడని కూడా దుకాణానికి తీసుకొచ్చాను, జాడీతో సహా. బావ వాయి తీశాడు. రొట్టె బల్ల మీద పెట్టి విరిచి, ఎప్పట్లాగే చేతులు దులుపుకుంటున్నాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"బావా, కంపెనీ ఎత్తేయడానికి ఒక పద్ధతి ఉంది. అందరం కలిసి తినాలి. తిన్నాక నీ ఇష్టం."

"ఎవడు పెట్టాడా పద్ధతి?"

"ఆ మాటకి అర్థమే అదంట. కలిసి రొట్టె తినేవాళ్ళు. మాస్టారు చెప్పాడు. తినడం మానేశాం కాబట్టి మనం ఎప్పుడో విడిపోయాం. చెరపమంటే చెరుపుతా. కానీ ఒక్కసారి కలిసి తిను."

"మాటలు చెప్పి కట్టెయ్యాలని చూడకు."

"చూస్తా. ఎందుకు చూడను? నా దగ్గర మాటలు తప్ప ఏమున్నాయి?"

"అడ్డు లేవరా. ఆకలి లేదు."

"ఆకలి ఉందా అని అడిగానా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అటక మీద సంచి చూశాను బావా. చెప్పులు చూశాను. నేను పిచ్చివాణ్ణి కాదు. ఒక మనిషిని ఆస్పత్రిలో వదిలేసి వచ్చాను. ఇంకో మనిషిని వదలలేను. నాకు ఆ లెక్క రాదు. నేర్పకు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెల్లు తలదించుకుని బల్లని గోరుతో గీకుతున్నాడు. "తినండి మేస్త్రీ," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీరు తినకపోతే నేనూ ముట్టలా. వాసన పీల్చి పీల్చి చస్తున్నా."

బావ కదల్లేదు. తర్వాత ఇక నన్ను వదిలించుకోవడానికే అన్నట్టు ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. ఒకసారి ఆగాడు. మళ్ళీ నమిలాడు. చేతిలో మిగిలినదాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఉప్పేదీ?"

మా ఆవిడ చల్లుకోవడానికి అడుగుతున్నాడనుకుని లేవబోయింది.

"కాదు చెల్లెమ్మా. దీంట్లో. దీంట్లో ఉప్పు లేదు."

నేనూ నోట్లో పెట్టుకున్నాను. తడిసిన అట్ట నమిలినట్టుంది. బెల్లు మింగలేక నీళ్ళు తాగాడు. బావ తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తొట్టి పైన, అక్క చేతికి అందే ఎత్తులో, ఒక రేకుడబ్బా ఉంది. మూత చెమ్మకి బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టి తిప్పి తీశాడు. లోపల ఉప్పు గడ్డకట్టి ఉంది, అందులో అక్క చెక్క గరిటె గుచ్చినట్టే నిలబడి ఉంది.

"నేను మంటకి పోయినప్పుడు వేసేది," అన్నాడు బావ. "ఏనాడూ నేను వెయ్యలేదు. నేను వచ్చేసరికి పడి ఉండేది. నాకు... నాకు తట్టనే లేదురా. గుడ్డ తీస్తే పిండి పొంగిపోతోంది, పారిపోతోంది, తోడు చచ్చిందనుకున్నా, నా చెయ్యి పోయిందనుకున్నా. పిండిని పట్టి ఉంచేది ఉప్పే కదా. ఆ సంగతి కొత్తగా చేరినవాడికి కూడా చెప్తాను నేను."

డబ్బా పొట్టకి అదుముకుని నేల మీద కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఏడవని మనిషి, ఆ తర్వాతా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చాడు. మేం ఎవరం ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాం.

షట్టరు ఎవరో తట్టారు. ఎత్తితే డిక్షనరీ మాస్టారు. బల్ల మీద ముక్కలూ, నేల మీద మమ్మల్నీ, బావ ఒళ్ళో డబ్బానీ చూశాడు.

"కనిపెట్టారన్నమాట," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీకు తెలుసా?"

"వీధిలో అందరికీ తెలుసు. మొదటి రోజు నుంచీ. నేను పైన ఉప్పు చల్లుకుని తింటున్నాను. మా పక్కింటావిడ పులుసులో ముంచి తింటోంది. కొసముక్క ఎందుకు మానేశాననుకున్నావు? అది మరీ చప్పగా ఉంటోందయ్యా."

"మరి చెప్పి చావొచ్చుగా మాస్టారూ! కొంప మునిగేదాకా చూస్తారా?"

"ఏమని చెప్పను?" ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఉప్పు ఆ అమ్మాయి వేసేదని అందరం ఎరుగుదుం. పొద్దున్నే వస్తే వెనక గది కిటికీలోంచి కనిపించేది. మేస్త్రిగారి ఎదురుగా నిలబడి మీ రొట్టెలో ఉప్పు లేదని ఏ నోటితో అనమంటావు?"

బావ తలెత్తాడు. "ఇన్నాళ్ళూ తిన్నారా? ఇదే?"

"తిన్నాం."

బావ లేచి మొహం కడుక్కున్నాడు. చెయ్యి చాపి, "చెల్లెమ్మా, ఆ జాడీ ఇటియ్యి," అన్నాడు.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. కొత్త పిండి కలిపాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఉప్పు ఎంత వెయ్యాలో ఎవరికీ తెలీదు. అక్క కొలత అక్క చేతిలోనే ఉంది. బావ డబ్బా నా చేతికిచ్చాడు. "నేను వెయ్యలేను, నువ్వెయ్యి," అన్నాడు. చిల్లర వాసన చేతులే దిక్కయ్యాయి. బావ మంటకి పోయాడు, నేను వేసి "అయింది" అని కేకేశాను. మొదటి వాయి నోట్లో పెట్టలేకపోయాం, ఉప్పుగల్లు నమిలినట్టుంది. "నీకు గీసిగీసి బేరమాడటం ఒక్కచోటే చేతకాదన్నమాట," అన్నాడు బావ. చాలాకాలానికి విన్న ఎత్తిపొడుపు, దాచుకున్నాను.

మర్నాడు తక్కువైంది. ఆ మర్నాడు మళ్ళీ ఎక్కువైంది. తిని చూస్తే తప్ప తెలియదు. విరిచినవాడు తినకపోతే మాకు తినే రూలు లేదు. కాబట్టి ఆయన తినక తప్పదు.

చివరి లెక్క ఇది. పోయినవి: అక్క, అక్క చేతి కొలత, క్యాంటీన్ వంటాయన బేరం. ఆయన ఇంకా తిరిగి రాలేదు. బోర్డు మీద కంపెనీలో మొదటి అక్షరం కొంచెం గీకుడు పడింది, దిద్దించలేదు. చేతికి వచ్చినవి: రోజూ పొద్దున ఒక రొట్టె ముక్క, అది నమిలే బావ. ఉంటానని ఆయన ఇప్పటికీ అనలేదు. నేనూ అడగలేదు. అటక మీద సంచి అలాగే ఉంది, నేను రోజూ ఒకసారి తలెత్తి చూస్తూనే ఉంటాను. ఇవాళ పొద్దున ముక్క నమిలి, డబ్బా వైపు చూసి, "ఇంకాస్త తగ్గించాలి. రేపు చూద్దాం," అన్నాడు.

రేపు అన్నాడు. అది జమ వేసుకుని షట్టరు ఎత్తాను.